మీసాలున్న అమ్మ

వీధిబడుల కాలంలో విద్యకు, దండనకు విడదీయరాని సంబంధం ఉండేది. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం, కోదండం మొదలైనవి ఓనమాలతో పాటే బాలునికి పరిచయమయ్యేవి. భాగవతంలోని చండామార్కులు సైతం ప్రహ్లాదుణ్ణి బెదిరించి దారికి తేవాలని చూసినవారే. ఈ విశ్వాసం తెలుగునాట ఎంత బలంగా ఉండేదో గుజరాతు ప్రాంతంలోనూ అంత బలంగానే ఉండేది. భయం తొలగితే చదువు కూడా తొలగిపోతుందా? ఈ ప్రశ్నకు తరగతి గదిలోనే సమాధానం వెదకిన విద్యావేత్త గిజుభాయి బధేకా.

ఆయన పూర్తి పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్ గ్రామంలో జన్మించారు. భావనగర్‌లోని శామల్‌దాస్ కళాశాలలో చదివి, జీవనోపాధి కోసం 1907లో తూర్పు ఆఫ్రికా వెళ్ళారు. స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం అభ్యసించి, వఢ్వాణ్‌లో న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1913లో కుమారుడు జన్మించాడు. ఈ పసివానికి ఎటువంటి చదువు చెప్పించాలన్న ఆలోచన ఆ తండ్రిని వదలలేదు. ఆ అన్వేషణలోనే ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి బోధనా పద్ధతి ఆయన దృష్టికి వచ్చింది.

భావనగర్‌లో నానాభాయి భట్ 1910లో దక్షిణామూర్తి విద్యార్థి భవనాన్ని నెలకొల్పారు. మౌనంతోనే శిష్యుల సంశయాలను తీర్చిన దేవునిగా దక్షిణామూర్తిని మన స్తోత్ర వాఙ్మయం కీర్తిస్తుంది. విద్యాలయానికి ఇంతకన్న తగిన పేరు దొరకదు. గిజుభాయి ఆదాయం తెచ్చే వృత్తిని విడిచి 1916లో ఆ సంస్థలో చేరారు. మొదట పెద్ద పిల్లల బాధ్యత చూసి, మార్పు పసితనంలోనే ఆరంభం కావాలని నిశ్చయించి, 1920లో బాలమందిరాన్ని స్థాపించారు. 1922లో భావనగర్ గుట్టమీద దానికి నూతన భవనం ఏర్పడింది. దానిని కస్తూర్బా గాంధీ ప్రారంభించారు.

బాలమందిరంలో శిక్ష లేదు, బహుమతి ఆశ కూడా లేదు. పిల్లలు తమకు నచ్చిన పరికరాన్ని తీసుకొని, పని ముగిశాక దాని స్థానంలో దాన్ని పెట్టేవారు. రంగు, నునుపు, బరువు, ధ్వని కళ్ళతో, చేతులతో, చెవులతో గుర్తుపట్టేవారు. చేతులు కడుక్కోవడం, జుట్టు దువ్వుకోవడం కూడా చదువులో భాగమే. మాంటిస్సోరి పద్ధతిని ఆదరించినా గిజుభాయి దానికి దాసులు కాలేదు. చిన్నపిల్లలకు అద్భుత కథలు చెప్పడం పట్ల ఆమెకు సుముఖత లేదు. గిజుభాయి మాత్రం గుజరాతీ జానపద కథలను, పాటలను, నాటకాలను తరగతి గదిలోకి ఆహ్వానించారు. మందమతులైన రాజకుమారులను కథలతోనే తీర్చిదిద్దిన విష్ణుశర్మ పుట్టిన దేశంలో ఇది సహజమే. కథ చెప్పడం ఒక శాస్త్రమని ఆయన ప్రత్యేకంగా గ్రంథమే రచించారు. తల్లివలె లాలించే ఈ ఉపాధ్యాయుణ్ణి జనం 'మీసాలున్న అమ్మ' అని ముద్దుగా పిలుచుకున్నారు.

1932లో వెలువడిన 'దివాస్వప్న' ఆయన రచనల్లో ప్రసిద్ధం. ఆ పేరుకు పగటి కల అని అర్థం. ఇది కల్పిత కథ. అయినా దాని వెనుక ఆయన అనుభవమే ఉంది. లక్ష్మీరామ్ అనే వ్యక్తి విద్యాధికారిని ఒప్పించి, ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగవ తరగతిని ఏడాదిపాటు తన ప్రయోగానికి తీసుకుంటాడు. మొదటి రోజే భంగపడతాడు. కన్నులు మూసుకొని, కదలక, సూక్ష్మ శబ్దాలను ఆలకించే నిశ్శబ్ద క్రీడను ఆడించబోతే, పిల్లలు కేకలతో, ఈలలతో గది దద్దరిల్లజేస్తారు. బెత్తం భయంతో మాత్రమే మౌనంగా ఉండడం నేర్చిన పిల్లలకు, భయం లేని మౌనం ఒక్క పూటలో అలవడదు కదా! చేసేది లేక ఆయన వారిని ఇంటికి పంపివేస్తాడు. తన పద్ధతి గొప్పదని చాటదలచిన రచయిత అపజయంతో గ్రంథాన్ని ఆరంభించడం అరుదు. గిజుభాయి నిజాయితీ అక్కడే కనిపిస్తుంది.

మరునాడు ఆయన కథ అందుకుంటాడు. అల్లరి దానంతటదే అణగిపోతుంది. రోజుల తరబడి సాగిన ఆ కథను వినాలన్న ఆత్రుతలో పిల్లలు హాజరు పిలుపునకు కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటారు. పాఠ్యపుస్తకాలకు వెచ్చించవలసిన సొమ్ముతో తరగతిలోనే చిన్న గ్రంథాలయం వెలుస్తుంది. విన్న కథను చదవాలన్న కోరికతో వారు పుస్తకాలు పట్టుకుంటారు. కథలు నాటకాలవుతాయి. గోళ్ళు, జుట్టు, టోపీలు, ఊడిన గుండీలు కూడా ఉపాధ్యాయుని దృష్టిని దాటిపోవు. మాసిన పిల్లవాణ్ణి నలుగురిలో నిందించక, శుభ్రపడే అవకాశాన్ని బడిలోనే కల్పించాలన్నది ఆయన పద్ధతి. ఈ విషయమై తల్లిదండ్రులను పిలిస్తే వచ్చినవారు కొందరే.

తోటి ఉపాధ్యాయులు ఆయనను చూసి నవ్వుకుంటారు. పాఠ్యప్రణాళిక పూర్తిచేయాలి, పరీక్షలో ఫలితం చూపాలి. కథలకు సమయమెక్కడిదని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయలేము. లక్ష్మీరామ్‌కు అధికారి అండ ఉంది, ఏడాది గడువు ఉంది. సాధారణ ఉపాధ్యాయునికి ఈ రెండూ అరుదు. ఈ ఆక్షేపణను దాచక గ్రంథంలోనే చోటివ్వడం వల్ల, సంవత్సరాంతంలో తరగతి సాధించిన ప్రగతికి విలువ పెరిగింది.

ఈ పనికి ఒక్కరు చాలరని గిజుభాయికి తెలుసు. అందుకే 1925లో ఉపాధ్యాయ శిక్షణాలయాన్ని ఆరంభించారు. సహచరి తారాబాయి మోదక్‌తో కలిసి 'శిక్షణ్ పత్రిక'ను నడిపారు. 1929లో రంజిత్‌రామ్ సువర్ణ పతకం ఆయనను వరించింది. పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం, ఉపాధ్యాయుల కోసం విరివిగా రచించారు. 1936లో దక్షిణామూర్తి సంస్థనుంచి వైదొలగి, 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు.

బాలమందిరం పరికరాలు, భవనం ఖర్చుతో కూడినవి. పేదపిల్లల సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది. దానిని తారాబాయి చేపట్టారు. 1945లో బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలోని బోర్డీ గ్రామానికి వెళ్ళి, అనుతాయి వాఘ్ తోడ్పాటుతో పిల్లల ముంగిళ్ళలోనే బడి తెరిచారు. కొన్న పరికరాలకు బదులు ఆకులు, గులకరాళ్ళు, గవ్వలు చేతికిచ్చారు. బడికి రాలేని పసివారి వద్దకు బడే వెళ్ళింది. మరాఠీలో ముంగిలిని అంగణ్ అంటారు. ఆ ముంగిలి బడికి అంగన్‌వాడీ అన్న పేరు నిలిచింది.