సూక్ష్మలోక చిత్రకారుడు రాబర్ట్ హుక్

ఉన్నత పాఠశాల విద్యార్థికి రాబర్ట్ హుక్ పేరు రెండు చోట్ల తటస్థపడును. భౌతికశాస్త్రములో తీగచుట్ట సాగుటకు సంబంధించిన సూత్రము అతనిది. సీసా బిరడాకు వాడు బెండును పలుచగా కోసి, అందులోని చిన్నచిన్న గదులను చూచి, వానికి సెల్ అని పేరు పెట్టినవాడు కూడ అతడే. మనము కణమని చెప్పుకొనునది ఆ మాటనే. పరీక్షకు ఈ రెండు ముక్కలు చాలును. కాని అతడు నేర్పిన మరొక విద్య పాఠ్యపుస్తకములకు ఎక్కలేదు. అది చూచు విద్య.

హుక్ 1635 జూలైలో ఇంగ్లండునకు దక్షిణముననున్న వైట్ ద్వీపములో, ఫ్రెష్‌వాటర్ గ్రామమున జన్మించినాడు. తండ్రి అచ్చటి చర్చిలో మతాచార్యుడు. పిల్లవాడు రోగిష్ఠి కావడముచేత చదువు సరిగా సాగలేదు. పాత ఇత్తడి గడియారమును చూచి కొయ్యతో అట్టిదే ఒకటి చేసికొని ఆడుకొన్నాడట. 1648లో తండ్రి మరణించినాడు. పదమూడేండ్ల బాలుడు లండను చేరి, ప్రసిద్ధ చిత్రకారుడైన పీటర్ లీలీ వద్ద కొద్ది కాలము పని నేర్చినాడు. రంగుల వాసన పడక మానుకొన్నాడని చెప్పుదురు. వెస్ట్‌మినిస్టర్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు రిచర్డ్ బస్బీ అతనిని చేరదీసి చదివించినాడు. తరువాత ఆక్స్‌ఫర్డులో రాబర్ట్ బాయిల్‌కు సహాయకుడై, వాయు పరిశోధనలకు కావలసిన పంపును నిర్మించి యిచ్చినాడు. చిత్రకారుని చేయి, యంత్రకారుని బుద్ధి ఈ విధముగ ఒక్కనియందే కుదిరినవి.

1662లో రాయల్ సొసైటీ అతనిని ప్రయోగ నిర్వాహకునిగా నియమించినది. సభ కూడినప్పుడెల్ల కొత్త ప్రయోగములు చూపుట అతని ఉద్యోగము. మరుసటి యేడు, ప్రతి సభలోను సూక్ష్మదర్శినితో చూచిన వింత ఒక్కటైనను చూపవలెనని కోరినారు. అట్లు పోగైన పరిశీలనలే 1665లో మైక్రోగ్రాఫియా అను గ్రంథమైనవి. అందులో అరువది పరిశీలనలు, ముప్పదియెనిమిది చిత్రఫలకములు ఉన్నవి. కుక్క వంటిమీద గంతులు వేయు మిన్నల్లి అందు సుమారు ఒకటిన్నర అడుగు పొడవున, కవచము తొడిగిన యోధునివలె నిలిచినది. శామ్యూల్ పీప్స్ అను నౌకాదళ ఉద్యోగి ఆ పుస్తకము చేత బట్టి రాత్రి రెండు గంటలవరకు నిద్రపోలేదు.

ఆ బొమ్మలు వ్రాయుట ఎంత కష్టమో తెలిసినగాని హుక్ గొప్పతనము తెలియదు. వస్తువును ఎంత పెద్దదిగా చూపిన, స్పష్టముగా కనబడు లోతు అంత తగ్గిపోవును. చీమ తలపైనున్న రోమము తేటగా కనబడినప్పుడు దవడ మసకబారును, దవడ తేటపడిన వేళ రోమము మాయమగును. సూక్ష్మదర్శిని ఏ క్షణమునందును చీమను చూపదు. చీమలో ఒక పలుచని పొరను మాత్రమే చూపును. దానికి తోడు వెలుతురు చాలదు. హుక్ దీపము ముందర నీరు నింపిన గాజుగోళమును నిలిపి, ఆ వెలుగును వస్తువుపై కేంద్రీకరించినాడు. వెలుతురు మారిన రూపము కూడ మారుచుండెను. ఒకే ఈగ కన్ను ఒక వెలుగులో చిల్లులు పొడిచిన జల్లెడవలె, ఎండలో బంగారు మేకులు దిగగొట్టిన పలకవలె, మరొక వైపునుండి శంకువుల వరుసవలె కనబడినది. వీటిలో ఏది నిజము?

తొందరపడి మొదట కనబడినదే వ్రాసినవాడు అబద్ధము వ్రాసినట్లే. హుక్ అట్లు చేయలేదు. ఒక్కొక్క వస్తువును పలు వెలుగులలో, పలు భంగిమలలో త్రిప్పి చూచి, నిజస్వరూపము మనస్సునకు నిశ్చయమైన పిమ్మటనే కలము పట్టినాడు. ఈగ కంటిలో చిల్లులు లేవు, మేకులు లేవు. ఉన్నవి చిన్న చిన్న అర్ధగోళములు. రెండు కన్నులలోను కలిపి సుమారు 14,000 ఉండునని లెక్క కట్టినాడు. ఒక్కొక్క అర్ధగోళములో తన కిటికీ యెదుటి చెట్టు ప్రతిబింబమును కూడ చూడగలిగినాడు. చీమ మరింత ఏడిపించినది. మైనముతో కాళ్ళంటించిన గింజుకొనెను. చంపిన ఆకృతి చెడెను. కడకు దానికి బ్రాందీ పట్టించినాడు. ఒక గంటసేపు కదలక పడియుండి, మత్తు దిగగానే లేచి పరుగెత్తినది. ఆ గంటయే అతనికి దొరికిన అవకాశము.

నేడు పురుగులను, సాలీళ్ళను ఛాయాచిత్రములు తీయువారు చేయు పని ఇదియే. కెమెరాను మిల్లీమీటరులో వందవ వంతులుగా జరుపుచు, పదులకొలది, ఒక్కొక్కప్పుడు వందలకొలది చిత్రములు తీయుదురు. ప్రతి చిత్రములోను తేటగానున్న పొరను మాత్రము ఏరి కంప్యూటరు ఒకటిగా కూర్చును. దీనికి ఫోకస్ స్టాకింగ్ అని పేరు. పురుగు కదలరాదు గనుక, చలికి అది మొద్దుబారియుండు వేకువ వేళను చాలమంది ఎంచుకొందురు. అయినను యంత్రము పొరపడును. రోమము మీద రోమము అడ్డుపడిన చోట లేని అంచును కల్పించును. పురుగు నిజస్వరూపము ఎరిగినవాడే ఆ తప్పును పట్టగలడు. హుక్ తన మనస్సులో జరిపిన కూర్పు నేడు యంత్రమునకు అప్పగింపబడినది. నిశ్చయించుకొను బాధ్యత మాత్రము ఇంకను మనిషిదే.

1666లో లండను తగులబడిన తరువాత క్రిస్టఫర్ రెన్‌తో కలసి నగర పునర్నిర్మాణములో హుక్ ఎంతో శ్రమించినాడు. కాని స్వభావము ముక్కోపి. ఏ కొత్త విషయము బయటపడినను అది తనదేనని తగవులాడుచుండెను. కాంతిని గూర్చి, ఆకర్షణశక్తిని గూర్చి న్యూటన్‌తో తీరని వైరము పెంచుకొన్నాడు. 1703 మార్చిలో గ్రెషాం కళాశాలలోని తన గదిలో కన్నుమూసినాడు. ఆ యేడే న్యూటన్ రాయల్ సొసైటీకి అధ్యక్షుడైనాడు. హుక్ కీర్తి చాలకాలము మరుగునపడినది. ఇది హుక్ రూపమే అని నిస్సందేహముగ చెప్పదగిన చిత్తరువు నేడు ఒక్కటియు లేదు. న్యూటనే దానిని పోగొట్టించినాడని కొందరందురు గాని, అందుకు ఆధారము లేదు. ఆధారము లేని మాటను నిజమని వ్రాయుట హుక్ పద్ధతి కాదు. మనమును అట్లు వ్రాయరాదు.

మిన్నల్లికి, ఈగకు, చీమకు ముఖము చూపిన మనిషి ముఖము మనకు దక్కలేదు. అతని చూపు మాత్రము దక్కినది. ఉపాధ్యాయులు ఒక భూతద్దమును, ఒక చచ్చిన ఈగను పిల్లవాని చేతికిచ్చి, కిటికీ దగ్గర ఒకసారి, నీడలో ఒకసారి, తలక్రిందులుగా ఒకసారి చూపవలెను. మూడు రూపములును చూచి, ఏది నిజమో తానే తేల్చుకొన్న తరువాత బొమ్మ వేయుమనవలెను. అది వంకరగా ఉండిన నేమి? పుస్తకమును చూచి దిద్దిన బొమ్మకంటె ఆ వంకర బొమ్మయే హుక్ వంశమునకు చెందినది.