మెట్రిక్ తప్పిన డాక్టరు గారు

సిడ్నీలో మా అమ్మాయి పన్నెండో క్లాసుకి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మాటలన్నీ ఏటార్, యూక్యాట్ చుట్టూనే. మెడిసిన్ అనుకున్నాక శని, ఆదివారాలు కోచింగుకే సరి. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ నాకు ఆ పరీక్షల సంగతి పెద్దగా తెలియదు. మార్కులు తగ్గితే మొహం మాడ్చుకోవడం మాత్రం బాగా తెలుసు. మాక్ టెస్టులో స్కోరు పడిపోయి పిల్ల అన్నం తినకుండా పడుకున్న రాత్రి, డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కథ చెప్పాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లో చెప్పకుండా బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తర్వాత సన్యాసం పుచ్చుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ ఖద్దరు సర్జరీ దుస్తులు వేసుకున్నందుకు ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. ఈలోగా అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు.

1922లో బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని, పగలు హార్వర్డ్‌లో చదువు. ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌నూ, ఆపైన కండరాల్లోని ఏటీపీనీ వెలికితీశారు. అయినా హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తోబుట్టువులను తీసుకుపోయిన ఆ స్ప్రూకి అదే మందైంది! బోదకాలుకు హెట్రజాన్, పిల్లల ల్యుకేమియా మీద ఫార్బర్ వాడిన అమినాప్టెరిన్, ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్, అన్నీ ఆ బృందం చలవే. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే పోయారు. అప్పటికి 53 ఏళ్ళే.

కథ విని మా అమ్మాయి లేచి బయాలజీ పుస్తకంలో ఏటీపీ పేజీ తీసింది. ఆయన పేరు లేదు. “రెండుసార్లు తప్పినప్పుడు వాళ్ళ నాన్నగారు ఏమన్నారు?” అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. అన్నం వేడిచేసి పెట్టాను. ఆ వారమే ప్రిఫరెన్సుల్లో బయోమెడికల్ సైన్సు కూడా చేర్చాం. ఆ డిగ్రీ అయ్యాక గామ్‌శాట్ రాసి మెడిసిన్‌లో చేరే దారి ఇక్కడ ఎలాగూ ఉంది.