మూసా రహీం

సికింద్రాబాద్ కంటోన్మెంటులో కార్ఖానా అనే పేట ఉంది. కార్ఖానా అంటే కర్మశాల. సైన్యానికి బలం వీరుల ఖడ్గాలలోనే కాక, కర్మశాలలోని కమ్మరి, వడ్రంగుల చేతులలో కూడ ఉంటుందని ఈ ప్రాంతంలో గ్రహించిన సేనాని మిచెల్ జోయాకిం మారీ రేమండ్.

రేమండ్ 1755లో ఫ్రాన్సు దేశపు గాస్కనీ సీమలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. 1775లో పుదుచ్చేరికి వచ్చాడు. వాణిజ్యం కంటె సైనికవృత్తిపై మక్కువ పెంచుకొని మైసూరు కొలువులోని ఫ్రెంచి దళంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీకి సహాయకుడయ్యాడు. బుస్సీ మరణానంతరం, 1786లో, హైదరాబాదు పాలకుడైన నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు. కొద్ది వందల మందితో ఆరంభమైన అతని దళం క్రమంగా పదివేలు మించింది.

అంతటి దళానికి ఆయుధాలు కావాలి. అందుకై రేమండ్ హైదరాబాదులో ఫిరంగుల పోత కర్మశాలను నెలకొల్పాడు. ప్రజలు దానిని తోప్ కా సాంచా అన్నారు. నేటి గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు దానివల్లనే వచ్చింది.

ఫిరంగిని పోతపోయడంతో పని ముగియదు. దానిని యుద్ధభూమికి చేర్చాలి. ఆనాటి ఫిరంగి రెండు చక్రాల బండిపై, ఒకే ఇరుసు మీద నిలిచేది. ప్రయాణంలో దాని తోకను ముందున్న మరొక చిన్నబండి కొక్కేనికి తగిలించి ఎడ్లచేత లాగించేవారు. బరువులో అధికభాగం ఇరుసుపై, కొద్దిభాగం కొక్కెంపై పడాలి. కొక్కెంపై భారం మితిమీరితే ముందుబండి కుంగుతుంది; బరువు వెనుకకు మొగ్గితే తోక పైకి లేస్తుంది. ఆ బండ్లకు కమాను పట్టీలు లేవు. రాళ్లబాటలోని ప్రతి కుదుపును ఇరుసూ, చక్రపు ఆకులూ భరించవలసిందే. కందెన ఎండినా, కడశీల ఊడినా ఫిరంగి దారిలోనే నిలిచిపోయేది. ఫ్రాన్సులో 1765 నుండి గ్రిబోవాల్ చేసిన సంస్కరణలలో కొయ్య ఇరుసులకు బదులు ఇనుప ఇరుసులను వాడడం ముఖ్యమైనది. నేడు కార్లు లాగే నివాసపు బండ్లకు కుదుపులను మింగే కమానులో, రబ్బరు అమరికలో ఉన్నాయి. అయినా ఇరుసుకూ కొక్కేనికీ నడుమ బరువును పంచే సూత్రం మాత్రం మారలేదు.

1795లో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో రేమండ్ దళం ధైర్యంగా పోరాడింది. కాని నిజాం వెనుదిరగడంతో అదికూడ మరలక తప్పలేదు. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా, దానిని రేమండ్ అణచివేసి ప్రభువు విశ్వాసాన్ని మరింతగా చూరగొన్నాడు.

1798 మార్చి 25న రేమండ్ కన్నుమూశాడు. ఆ ఏడాది సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకొన్నాడు. అక్టోబరులో ఫ్రెంచి దళం ఆయుధాలు దించింది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన ఆంగ్లేయ సైనిక స్థావరం, 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అయింది.

దళం చెదిరినా ప్రజల అభిమానం చెదరలేదు. ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసారాం అనీ రేమండ్‌ను ఆత్మీయంగా తలచుకొన్నారు. నగరంలోని మూసారాంబాగ్, ఆ గుట్టపైని సమాధి నేటికీ ఆ స్మృతిని నిలుపుతున్నాయి. పరదేశం నుండి వచ్చినవాడిని కూడ, నమ్మి కొలిచినందుకు తనవాడిగా చేసుకోవడం ఈ నేల స్వభావం.