మాత్ విమాన నిర్మాత సర్ జెఫ్రీ డి హావిలాండ్

ఉగాది సంచికలో మహనీయుల జీవితాలను స్మరించుకొనడం మన ఆనవాయితీ. కవులను గురించి, వాగ్గేయకారులను గురించి, దేశనాయకులను గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. మేము రైల్వే గుమాస్తాలము. బండ్ల వేళలు, దూరాలు, వేగాలు మాకు నిత్య వ్యవహారం. అందుచేత ఈసారి ఒక పరదేశపు విమాన నిర్మాతను గురించి, ఆయన పేరుతో ముడిపడిన ఒక చిత్రమైన పందెమును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఆ పందెములో వలస కుటుంబాల వారు ఆలోచించదగిన సంగతి ఒకటి కలదు.

జెఫ్రీ డి హావిలాండ్ 1882వ సంవత్సరం జూలై 27వ తేదీన ఇంగ్లండులో హై వికోంబ్ అనే ఊరి దగ్గర జన్మించారు. తండ్రి చర్చి పురోహితుడు. కుమారుడు కూడా అదే వృత్తిలోకి వస్తాడని ఇంట్లో అనుకునేవారట. కాని పిల్లవాని మనస్సు యంత్రాలమీద ఉన్నది. క్రిస్టల్ ప్యాలెస్ ఇంజనీరింగు పాఠశాలలో చదివి, మోటారు కార్ల కంపెనీలోను, బస్సుల కంపెనీలోను నక్షాలు గీసే పనిలో కొన్నాళ్లు గడిపారు. ఆ రోజుల్లోనే అమెరికాలో రైట్ సోదరులు ఎగిరారన్న వార్త లోకమంతటా వ్యాపించినది. జెఫ్రీగారికి ఉద్యోగంలో మనస్సు నిలువలేదు. తల్లి తండ్రియైన తాతగారిని ఆశ్రయించగా, ఆయన మనుమనికి వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ఆనాడు అది చాలా పెద్ద మొత్తం.

ఆ సొమ్ముతో ఫ్రాంక్ హెర్ల్ అనే మిత్రునితో కలసి విమానం కట్టడం మొదలుపెట్టారు. ఇంజను నమూనా కూడా స్వయంగా తయారుచేసుకున్నారు. 1909లో వివాహమాడిన భార్య లూయీ రెక్కలకు వేసే గుడ్డను చేతి మిషనుమీద కుట్టి ఇచ్చినది. ఆ సంవత్సరం డిసెంబరులో ఆ విమానం కొద్ది గజాలు లేచి, రెక్క విరిగి నేలకూలినది. జెఫ్రీగారు చిన్న దెబ్బలతో బయటపడ్డారు. తాతగారి సొమ్ము చాలావరకు ఆ క్షణంలోనే పోయినది. అయినా ధైర్యం విడువక, మిగిలిన దానితో మరొకటి కట్టి, 1910 సెప్టెంబరులో సెవెన్ బారోస్ అనే పచ్చిక మైదానంలో ఎగిరారు. విమానం నడపడం నేర్పే గురువు ఎవరూ లేరు. తాను కట్టినదానిమీద తానే నేర్చుకున్నారు. ఆ విమానాన్ని ప్రభుత్వ యుద్ధశాఖ నాలుగువందల పౌండ్లకు కొని, ఆయనను ఫార్న్‌బరోలోని కర్మాగారంలో ఉద్యోగంలోకి తీసుకున్నది. 1914లో ఎయిర్‌కో కంపెనీలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పేరుపొందిన అనేక విమానాలకు రూపకల్పన చేశారు.

యుద్ధం ముగిసినది. విమానాలు గుట్టలుగా మిగిలిపోయినవి, కొనేవారు లేరు. 1920 సెప్టెంబరులో ఆయన లండను శివార్లలో స్టాగ్ లేన్ మైదానంలో స్వంత కంపెనీ ప్రారంభించారు. అద్దెకున్న ఆ స్థలాన్ని కొనవలసివచ్చినప్పుడు, విమానం చేయించుకొనడానికి వచ్చిన ఆలన్ బట్లర్ అనే ధనిక యువకుడు పెట్టుబడి పెట్టి ఆదుకున్నాడు.

ఇక పందెము సంగతికి వద్దాము. 1922లో అయిదవ జార్జి చక్రవర్తి విమానాల పందెమునకు ఒక కప్పు బహూకరించారు. దానినే కింగ్స్ కప్ అంటారు. మొదటి పందెము ఆ సంవత్సరం సెప్టెంబరు 8, 9 తేదీలలో లండను దగ్గరి క్రోయిడన్ నుండి గ్లాస్గో వరకు, తిరిగి క్రోయిడన్‌కు, సుమారు ఎనిమిది వందల మైళ్లు జరిగినది. గెలిచినవాడు కెప్టెన్ బర్నార్డ్. ఆయన నడిపిన విమానం డి హావిలాండ్‌గారు ఎయిర్‌కోలో ఉండగా రూపొందించిన డి.హెచ్.4 తరగతికి చెందినది.

ఇది హ్యాండిక్యాప్ పందెము. ఇటువంటి పందేలు లండను సమీపాన హెండన్ మైదానంలో యుద్ధానికి ముందే సెలవు రోజుల్లో జరిగేవి. సామాన్య పందెములో అందరినీ ఒకేసారి వదులుతారు, బలమైన ఇంజను ఉన్నవాడు గెలుస్తాడు. చూడటానికి వచ్చిన వారికి ఫలితం ముందే తెలిసిపోతుంది. చిన్న విమానం గలవాడు పేరు ఇవ్వడమే మానుకుంటాడు. హ్యాండిక్యాప్ పందెములో లెక్క వేరు. మా రైల్వే భాషలో చెప్పాలంటే, ప్యాసింజరు బండిని తెల్లవారుజామున వదిలి, మెయిలును తరువాత వదిలి, రెండింటినీ ఒకే సమయానికి జంక్షనుకు చేర్చడం వంటిది.

ఉదాహరణకు దూరం 800 మైళ్లు అనుకుందాము. గంటకు 80 మైళ్లు పోయే విమానానికి 10 గంటలు పడుతుంది. 100 మైళ్లు పోయేదానికి 8 గంటలు, 160 మైళ్లు పోయేదానికి 5 గంటలు. మొదటిదానిని ఉదయం 6 గంటలకు, రెండవదానిని 8 గంటలకు, మూడవదానిని 11 గంటలకు వదిలితే, లెక్క ప్రకారం మూడూ సాయంత్రం 4 గంటలకే గమ్యం చేరాలి. ఇంజను శక్తి, రెక్కల వైశాల్యం, మోసే బరువు చూచి ఏ విమానం ఎంత వేగం పోగలదో అంచనా వేయడానికి ప్రత్యేకంగా లెక్కలు తెలిసినవారు ఉండేవారు. అంచనా సరిగా ఉంటే చివరి నిమిషాలలో చిన్నా పెద్దా విమానాలన్నీ గుంపుగా వచ్చి గీత దాటుతాయి. అందరికంటె వేగంగా పోయినవాడు గెలవడు. తనను గురించి ఇతరులు వేసిన అంచనాను ఎవడు అందరికంటె ఎక్కువగా మించిపోతాడో వాడే గెలుస్తాడు. దారి తప్పకుండా, మలుపుల దగ్గర క్షణం వృథా చేయకుండా, గాలివాలు గ్రహించి నడపడంలోనే గెలుపు ఉన్నది.

ఈ పందేల వల్ల చిన్న విమానాలకు గౌరవం కలిగినది. కాని సామాన్యుడు కొనదగిన మంచి చిన్న విమానం ఏది? 1923లో లింప్న్ అనే చోట అతి చిన్న విమానాల పోటీ పెట్టారు. ఇంజను 750 సి.సి.కి మించరాదని నియమం. అంటే మోటారు సైకిలు ఇంజనే. డి హావిలాండ్‌గారు కూడా హమ్మింగ్ బర్డ్ అనే బుల్లి విమానం కట్టి పంపారు. అది ముచ్చటగా ఎగిరినది గాని, ఒక్క మనిషికే చోటు. కాస్త ఎదురుగాలి వస్తే కష్టం. ఆయనకు ఒక సంగతి స్పష్టమైనది. చవుకదనం కోసం శక్తిని మరీ తగ్గిస్తే ఆ వస్తువు ఎవరికీ పనికిరాదు. మరుసటి ఏడు జరిగిన పోటీ నియమాలకు ఆయన లొంగలేదు. బహుమతి వదులుకొని, ఇద్దరు కూర్చుని నిజంగా ప్రయాణం చేయగల విమానం కోసం పూనుకున్నారు.

తగిన ఇంజను లేదు. యుద్ధంలో మిగిలిన ఎనిమిది సిలిండర్ల రెనో ఇంజనులు బోలెడు పడి ఉన్నవి. ఫ్రాంక్ హాల్ఫర్డ్ అనే ఇంజనీరు వాటి భాగాలనే వాడి, అందులో సగమంత, అంటే నాలుగు సిలిండర్ల ఇంజను తయారుచేశాడు. దాని శక్తి 60 అశ్వశక్తులు, పేరు సిర్రస్. పాత పంచె చించి పిల్లవానికి చొక్కా కుట్టినట్లున్నదని మాకు తోచినది. కాని ఆ చొక్కా లోకానికంతటికీ సరిపోయినది. 1925 ఫిబ్రవరి 22వ తేదీన ఆ విమానాన్ని డి హావిలాండ్‌గారే స్వయంగా గాలిలోకి లేపారు. ఆయనకు చిన్ననాటి నుండి సీతాకోకచిలుకలు, దీపపు పురుగులు సేకరించడం సరదా. ఈ విమానానికి రెక్కలు వెనుకకు ముడుచుకుంటాయి. ముడిస్తే మామూలు షెడ్డులో పెట్టి తలుపు వేసుకోవచ్చును. అందుచేత దీపపు పురుగు అనే అర్థం వచ్చేటట్లు మాత్ అని పేరు పెట్టారు. తరువాత వచ్చిన జిప్సీ, పుస్, ఫాక్స్, లెపర్డ్, టైగర్ మాత్‌లన్నీ ఆ పురుగుల జాతుల పేర్లే.

ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం విమాన క్లబ్బులకు ధనసహాయం ఆరంభించి మాత్‌లను ఇప్పించినది. గుమాస్తాలు, దుకాణదారులు, స్త్రీలు కూడా విమానం నడపడం నేర్చుకున్నారు. 1926లో కింగ్స్ కప్‌ను హ్యూబర్ట్ బ్రాడ్ మాత్ మీద గెలిచాడు. 1927, 1928 సంవత్సరాలలో హోప్ అనే వైమానికుడు మాత్ మీదనే వరుసగా గెలిచాడు. 1929లో మాత్రం ఒక యుద్ధవిమానం వెనుకనుండి వచ్చి కప్పు పట్టుకొనిపోయినది. అనగా ఈ లెక్క చిన్నవారికి దానం చేసేది కాదు, పెద్దవారిని శిక్షించేదీ కాదు. 1930లో వందకు పైగా పేర్లు వచ్చిన పందెములో విన్‌ఫ్రెడ్ బ్రౌన్ అనే యువతి మాత్‌కు పోటీగా వచ్చిన ఆవ్రో ఏవియన్ మీద గెలిచి, ఆ కప్పు పొందిన మొదటి స్త్రీ అయినది. అదే ఏడు మే నెలలో ఏమీ జాన్సన్ జిప్సీ మాత్‌లో ఒంటరిగా ఇంగ్లండు నుండి కరాచీ, కలకత్తాల మీదుగా ఆస్ట్రేలియాకు చేరినది.

మన దేశానికీ ఈ విమానాలకూ దగ్గరి చుట్టరికం కలదు. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించగా, 1930లో జె.ఆర్.డి. టాటాగారు, ఆస్పీ ఇంజనీరుగారు జిప్సీ మాత్‌లలో ఎదురెదురు దిక్కులనుండి బయలుదేరారు. ఈజిప్టులో ఇద్దరూ కలిసినప్పుడు ఆస్పీగారి ఇంజనుకు స్పార్కు ప్లగ్గులు లేక చిక్కుపడి ఉన్నారు. టాటాగారు తన వద్దనున్నవి ఇచ్చారు. ఆస్పీగారే కొద్ది గంటల ముందు చేరి గెలిచారు. 1932 అక్టోబరు 15వ తేదీన టాటాగారు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చినది పుస్ మాత్‌లోనే. అహమ్మదాబాదులో దానికి పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చినది. బొంబాయి నుండి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. గుంతకల్లు నుండి హుబ్బళ్లి వైపు వచ్చే మనవారందరికీ బళ్లారి స్టేషను సుపరిచితం. ఆ ఊరి ఆకాశాన ఆనాడు ఎగిరినది ఈ స్టాగ్ లేన్ పురుగే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదు బేగంపేటలో వైమానిక శిక్షణ పొందిన యువకులు టైగర్ మాత్‌ల మీదనే చేతులు తిప్పుకున్నారు.

1933 జూలై 8వ తేదీన హాట్‌ఫీల్డులో కింగ్స్ కప్ పందెము జరిగినది. డి హావిలాండ్‌గారికి యాభై ఒకటవ ఏడు నడుస్తున్నది. కంపెనీలో ఆరితేరిన వైమానికులు ఉన్నా, అప్పటికి ఆరు వారాల క్రితమే మొదటిసారి ఎగిరిన లెపర్డ్ మాత్‌ను తీసుకొని స్వయంగా పోటీకి దిగారు. గంటకు సుమారు 139 మైళ్ల సగటు వేగంతో గెలిచారు. కట్టినవాడే నడిపి కప్పు గెలవడం వంటవాడు తన వంట తానే వడ్డించి మెప్పు పొందినట్లున్నది. మరుసటి సంవత్సరం ఇంగ్లండు నుండి అలహాబాదు మీదుగా మెల్‌బోర్నుకు జరిగిన మహాపందెములో ఆయన కంపెనీ కామెట్ వేగపు బహుమతి గెలిచినది. హ్యాండిక్యాప్ బహుమతి డచ్చివారి ప్రయాణీకుల విమానానికి దక్కినది.

కీర్తి పెరిగినది. 1944లో సర్ బిరుదు వచ్చినది. కాని ఆకాశం ఆయనకు ఇచ్చినదానికి వెల కూడా పుచ్చుకున్నది. ముగ్గురు కుమారులలో జాన్ 1943లో రెండు మస్కిటో విమానాలు గాలిలో ఢీకొన్నప్పుడు మరణించాడు. పెద్దవాడు జెఫ్రీ 1946 సెప్టెంబరు 27వ తేదీన కొత్త జెట్ విమానాన్ని పరీక్షిస్తుండగా అది ముక్కలై మరణించాడు. ఇద్దరూ తండ్రి కంపెనీ విమానాలలోనే పోయారు. మొదటి విమానానికి గుడ్డ కుట్టిన లూయీ ఆ దుఃఖం తరువాత ఎంతోకాలం బ్రతకలేదు, 1949లో కన్నుమూసినది. ఆ ఏడే జూలై 27న, సరిగా ఆయన పుట్టినరోజున, ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణీకుల విమానం కామెట్ ఎగిరినది. ఆనందించడానికి ఇంట్లో ఎవరున్నారు?

ఆ కామెట్‌లు 1953లో కలకత్తా దగ్గర, 1954లో రెండుసార్లు మధ్యధరా సముద్రంలో కూలి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. సముద్రంలో పడినవాటిని గురించి ఫార్న్‌బరోలో విమానపు శరీరాన్ని నీటితొట్టిలో ఉంచి పరీక్షించి, లోహం అలసి పగిలినదని కనుగొన్నారు. ఒకనాడు ఆయన యువకుడుగా ఉద్యోగంలో చేరిన చోటనే ఆయన విమానపు లోపం తేలినది. ఆ పాఠం తరువాత వచ్చిన జెట్ విమానాలన్నిటికీ ఉపయోగపడినది. 1965 మే 21వ తేదీన ఆయన పరమపదించారు. అస్థికలను ఆయన మొదట ఎగిరిన సెవెన్ బారోస్ మైదానం మీదనే విమానం నుండి చల్లారు.

ఈ జీవితం నుండి మేము గ్రహించినది ఇది. మన కుటుంబాలలో అనేకులు ఊరు విడిచి, చేతిలో పెద్దగా ఏమీ లేకుండా వచ్చినవారు. మన పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో వేరొక భాష. వారిని అందరితోపాటు ఒకే గీత మీద నిలబెట్టి, వెనుకబడితే నిందించడం న్యాయం కాదు. శక్తి తక్కువైనవానిని కొంచెం ముందుగా వదలాలి; అది జాలి కాదు, లెక్క. ముందే వచ్చి స్థిరపడిన ఇళ్లు కొత్తగా వచ్చిన ఇంటి పిల్లలకు పాత పుస్తకాలో, సాయంత్రం ఒక గంట చదువో, స్పార్కు ప్లగ్గులవలె అందిస్తే చాలును. ఆ తరువాత లోకం వేసిన అంచనాను మించడం వారి చేతిలో ఉన్నది.

ఈ నూతన సంవత్సరంలో మన పిల్లలందరూ ఆ అంచనాలను దాటాలని కోరుతూ, సోదర కుటుంబాలన్నిటికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకుంటున్నాము.