పెద్ద టామ్ మోరిస్

స్కాట్లండు దేశపు తూర్పుతీరమున సెంట్ ఆండ్రూస్ అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమునకును సముద్రమునకును నడుమ, ఇసుకదిబ్బలపై గడ్డి మొలచిన విశాలమైన బయలు ఒకటి ఉన్నది. గోల్ఫు ఆటకు అది పుట్టినిల్లువంటిది. చిన్న బంతిని కర్రతో కొట్టుచు కొనిపోయి, దూరమున నేలలో నున్న గుంటలో పడవేయుటయే ఈ ఆట. 18 గుంటలను ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారు గెలిచినట్లు. ఆ పట్టణమున 1821వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఒక నేతపనివాని ఇంట టామ్ మోరిస్ జన్మించెను. ఆయన కుమారునకు కూడ అదే పేరు ఉండుటచే, లోకము తండ్రిని పెద్ద టామ్ అనియు, కుమారుని చిన్న టామ్ అనియు పిలిచినది.

టామ్ పదునాలుగేండ్ల ప్రాయమున అల్లన్ రాబర్ట్‌సన్ కడ శిష్యుడుగా చేరెను. రాబర్ట్‌సన్ ఆటలో మేటి. బంతులు చేయుటలో చేయితిరిగినవాడు. ఆ దినములలో బంతి చేయుట ఎంతో శ్రమతో కూడిన పని. తోలుముక్కలను చిన్న సంచివలె కుట్టి తడుపుదురు. పొడుగుపాటి టోపీ నిండునన్ని పక్షి ఈకలను ఉడికించి, వానినన్నిటిని ఆ సంచిలోనికి బలముగా కూరి మూతి కుట్టుదురు. ఆరినకొలది తోలు బిగియును. లోపలి ఈకలు ఉబ్బును. అందుచే బంతి రాయివలె గట్టిపడును. నేర్పరియైన పనివాడు సైతము దినమునకు మూడు నాలుగు బంతులకు మించి చేయజాలడు. అట్టి బంతి వానలో తడిసినచో చెడిపోవును, వెలయా ఎక్కువ. అందుచే పేదవానికి ఈ ఆట అందనిదయ్యెను.

1848 ప్రాంతమున ఒక క్రొత్త బంతి వచ్చెను. మలయా ప్రాంతపు చెట్లపాలనుండి లభించు గట్టాపర్చా అను పదార్థమును వేడినీటిలో మెత్తబరచి, అరచేతులతో గుండ్రముగా చేసినచో బంతి సిద్ధమగును. వెల స్వల్పము, తడిసినను చెడదు, నొక్కుపడినచో మరల కాచి ఉండ చేయవచ్చును. మొదట నున్నగా నున్న ఈ బంతి చక్కగా ఎగురలేదు. కొన్ని దెబ్బలు తిని గాట్లు పడిన పిమ్మట మాత్రము బాగుగా ఎగురుట చూచి, పనివారు ముందుగనే దానిపై గాట్లు పెట్టసాగిరి.

ఈకల బంతియే రాబర్ట్‌సన్ కుటుంబమునకు జీవనాధారము. క్రొత్త బంతి తన పొయ్యిలో పిల్లిని పండించునని ఆయన భయపడెను. దొరికిన గట్టాపర్చా బంతులను కొని నిప్పులో వేసెననియు చెప్పుదురు. శిష్యునిచేత ఆ బంతితో ఆడనని మాట తీసికొనెను. టామ్ కొంతకాలము ఆ మాట నిలుపుకొనెను. ఒకనాడు ఆటలో ఆయన తెచ్చుకొన్న బంతులన్నియు పోయెను. తోడి ఆటగాడు క్రొత్త బంతి నొకదానిని ఇయ్యగా దానితో ఆట కొనసాగించెను. ఈ వార్త రాబర్ట్‌సన్ చెవిని పడెను. గురుశిష్యులకు మాటామాటా పెరిగెను. ఒకే బల్లకడ ఏండ్ల తరబడి పనిచేసిన వారిరువురును విడిపోయిరి. టామ్ వేరుగా దుకాణము పెట్టుకొని, 1851లో పడమటి తీరమందలి ప్రెస్ట్‌విక్‌నకు తరలిపోయెను.

రాబర్ట్‌సన్ భయము వట్టిది కాదు. ఐనను ఒకని బ్రతుకుతెరువును కాపాడుటకై పదిమందికి మేలైన వస్తువును ఆపుట ఎవరితరము? కొలదికాలముననే ఆయనయు గట్టాపర్చా బంతులను చేయవలసివచ్చెను. ఆ బంతితోడనే 1858లో సెంట్ ఆండ్రూస్ మైదానమును 79 దెబ్బలతో ముగించి ప్రఖ్యాతి గాంచెను. మరుసటి ఏడే కాలధర్మము నొందెను.

ప్రెస్ట్‌విక్‌లో టామ్ 12 గుంటల మైదానమును తీర్చిదిద్దెను. 1860లో ఎనమండుగురు ఆటగాండ్రతో అచ్చట జరిగిన పోటీయే నేటి జగత్ప్రసిద్ధమైన ఓపెన్ పోటీకి మొదలు. ఆ యేడు టామ్ రెండవవాడుగా నిలిచి, 1861, 1862, 1864, 1867 సంవత్సరములలో విజేత యయ్యెను. చివరిసారి గెలిచినపుడు ఆయనకు 46 ఏండ్లు. అంతటి వయసున ఆ పోటీని గెలిచినవారు నేటివరకు మరియొకరు లేరు. 1868లో చిన్న టామ్ గెలిచి తండ్రిని మించిన తనయు డనిపించుకొనెను. ఆ కుమారుడు 1875లో, 24 ఏండ్లకే మరణించుట టామ్ జీవితములో తీరని దుఃఖము.

1864లో సెంట్ ఆండ్రూస్ వారు టామ్‌ను మరల పిలిపించి మైదానరక్షకునిగా నియమించిరి. ఆయన పచ్చికపై ఇసుక చల్లి దానిని దట్టముగా పెంచెను. ముళ్లపొదలను తొలగించి ఆటదారిని వెడల్పు చేయించెను. ఆదివారము ఆటగాండ్రకు అక్కరలేకున్నను నేలకు విశ్రాంతి కావలెనని పట్టుబట్టెను. స్కాట్లండు, ఐర్లండులలో అనేక మైదానములకు రూపకల్పన చేసెను.

ఆయన వార్ధక్యమున అమెరికానుండి మరియొక బంతి వచ్చెను. రబ్బరు దారమును బిగువుగా చుట్టి చేసిన దీనిని హాస్కెల్ బంతి యనిరి. ఇది గట్టాపర్చా బంతికంటె దూరము పోవును. 1902 ఓపెన్ పోటీలో శాండీ హెర్డ్ దీనితో ఆడి గెలువగా, పాత బంతి మూలబడెను. టామ్ 1903లో పనినుండి విరమించి, 1908 మే 24వ తేదీన మెట్లపైనుండి పడి, 86వ ఏట దివంగతు డయ్యెను.

మూడు విధముల బంతులను చూచిన ఆ వృద్ధుని తరువాత సమస్య పెరిగినదే కాని తరుగలేదు. బంతి దూరము పోయినకొలది మైదానము పొడవు కావలెను; పొడవైనకొలది భూమియు, నీరును, వ్యయమును హెచ్చును. సెంట్ ఆండ్రూస్‌లో చోటు చాలక, ఆట మొదలుపెట్టు తావులలో కొన్నింటిని ప్రక్క నేలలోనికి జరుపవలసివచ్చెను. 1921లో బ్రిటన్, అమెరికాలందలి ఆటసంఘములు బంతి బరువునకును పరిమాణమునకును హద్దు విధించినవి. తరువాత దూరమునకును హద్దు ఏర్పడినది. గంటకు 120 మైళ్ల వేగముతో కొట్టి పరీక్షించు బంతిని ఇకమీదట 125 మైళ్ల వేగముతో కొట్టినను, అది 317 గజములకు పైన 3 గజముల సడలింపును దాటరాదని 2023 డిసెంబరులో అవి ప్రకటించినవి. బంతులు తయారుచేయు కొందరును, వృత్తి ఆటగాండ్ర సంఘములు కొన్నియు దీనికి సమ్మతింపలేదు. దూరము కొట్టుట ఆటగాని కండబలము, సాధనల ఫలమే కదా యని వారి వాదము. అందును కొంత సత్యము లేకపోలేదు.

ఐనను ఒక భేదమును మనము గుర్తింపవలెను. రాబర్ట్‌సన్ విధించిన హద్దు తన అంగడికొరకు. అందుచే అది నిలువలేదు. ఆటకును నేలకును కీడు కలుగకుండ అందరికిని సమానముగా పెట్టుకొను హద్దు వేరు. టామ్ క్రొత్త బంతిని చేతబట్టినవాడే; ఆదివారము మైదానమునకు విశ్రాంతి నిచ్చినవాడును ఆయనయే. క్రొత్తదానిని ఆదరించుటయు, అది మీరరాని మేర నెరుగుటయు పరస్పర విరుద్ధములు కావని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.