రాజ్యలక్ష్మమ్మగారు మోసిన నీళ్ళు



మన డెల్టాలో ఊడ్పులు మొదలైనవనగా, పాస్టరు అరుగు మీదికి తగవులు వచ్చు కాలము కూడ మొదలైనదని మాకు తెలియును. భార్యాభర్తలిద్దరును తెల్లవారక మునుపే చేలకు పోవుదురు. అతడు ఆకుమడిలో నారు తీయును, ఆమె బురదలో నడుము వంచి ఊడ్చును. ప్రొద్దు క్రుంకువేళ ఇద్దరును ఒకే గట్టు మీదుగా, ఒకే అలసటతో ఇల్లు చేరుదురు. అక్కడ నుండి దారులు వేరగును. అతడు అరుగు మీద కూర్చుండును. ఆమె బిందె పట్టుకొని కుళాయి వద్దకు పోవును, వచ్చి పొయ్యి రాజవేయును, పిల్లలకు పెట్టును, ఆ పిమ్మట అతనికి పెట్టును. ఒకనాడు ఆమె ఆ బిందెను ముట్టకుండ కూర్చున్నయెడల ఇంట యుద్ధమే.

పోయిన వానకాలములో మా సంఘపు జంట ఒకటి అట్టి తగవుతోనే మా యొద్దకు వచ్చినది. ఆమెకు ఆ దినమున ఒళ్ళు కాలుచుండెను. నీళ్ళు నీవు తెమ్మని భర్తతో అనినది. మగవాడు బిందె ఎత్తుకొని వీథిలో నడిచిన తన మాట రేపు నలుగురిలో ఏమి నిలుచునని అతడు అనెను. మాట మీద మాట పెరిగి అతడు చేయి ఎత్తెను. మా ఎదుట కూర్చుండి కూడ అతడు తన తప్పు ఒప్పుకొనలేదు, సరికదా ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయమును మాకే చూపించెను. ఆ అధ్యాయములో 22వ వచనము మన పురుషులకు కంఠస్థము. దానికి ముందున్న 21, తరువాతనున్న 25 మాత్రము అంత సులభముగా నోటికి రావు. ఒకరికొకరు లోబడుమను మాట ముందు వచ్చినదని, భర్తకు విధింపబడినది ప్రాణము పెట్టునంతటి ప్రేమ యని చదివి వినిపించితిమి. ఇంట చేయి ఎత్తుట ఇంటి సంగతియే కాదని, 2005లో అందుకు గృహహింస చట్టము కూడ వచ్చినదని గట్టిగానే చెప్పితిమి. అతడు తల వంచుకొనెను గాని, ఆ బిందె సంగతి అతని మనస్సులో అట్లే యుండెను.

ఇక్కడ మా సంగతి దాచుట న్యాయము కాదు. కొన్ని యేండ్ల క్రిందట మా ఇంట అమ్మగారు జ్వరముతో వారము దినములు మంచము పట్టిరి. మేము నీళ్ళు తెచ్చితిమి, నిజమే. అయితే కోడి కూయక ముందే లేచి, వీథిలో ఎవరును మెలగని వేళ చూచుకొని తెచ్చితిమి. ఆ ఆదివారమే శిష్యుల పాదములు కడిగిన ప్రభువును గూర్చి ప్రసంగించితిమి. కనుక ఆ సహోదరుని చూచి నవ్వుటకు మాకు నోరు లేదు. ఇండ్లలో పని ఎక్కువయై వచ్చు తగవులు కొన్నియే. ఇది మగవాని పని, ఇది ఆడుదాని పని యని మనము చిన్ననాట నేర్చుకొన్న లెక్క తప్పినప్పుడు, ఆ తప్పుటను వీథి చూచునను భయము చేత వచ్చునవే ఎక్కువ.

అప్పుడు మాకు రాజమండ్రిలో జరిగిన ఒక సంగతి జ్ఞాపకము వచ్చి, దానిని వారిద్దరికి చెప్పితిమి. అదియు నీళ్ళ సంగతియే.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినని తెలుగువారు లేరు. వారు మన మతమునకు చెందినవారు కారు, బ్రహ్మసమాజమువారు. వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారి పేరు మాత్రము పెద్దలు కొందరికే తెలియును. పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టిరి. ధవళేశ్వరము ఆనకట్ట పని నడుచుచున్న దినములవి. పసితనములోనే తండ్రి గతించెను. 1861లో, తమ పదమూడవ యేట, వారికి పెండ్లి జరిగెను. వధువు చిన్నపిల్ల. పుట్టింటివారు ఆమెకు పెట్టిన పేరు బాపమ్మ. అత్తింటికి వచ్చిన తరువాత ఆమె రాజ్యలక్ష్మి ఆయెను. పెండ్లికి ఆమె ఇష్టమును అడిగినవారు లేరు, అతని ఇష్టమును అడిగినవారును లేరు. ఆ కాలపు కాపురములన్నియు అట్లే మొదలయ్యెడివి. భర్త ఆజ్ఞ, భార్య అణకువ అను రెండు గుంజల మీద ఇల్లు నిలుచుననియే అందరి నమ్మకము.

పంతులుగారు బడిపంతులై ధవళేశ్వరములో పని చేయుచు 1874లో అక్కడ బాలికల పాఠశాల పెట్టిరి. ఆ యేటనే వివేకవర్ధని అను పత్రిక ఆరంభించిరి. ఆడపిల్ల చదివిన ఇల్లు చెడునని వాదించిన పండితులు ఆ దినములలో తక్కువమంది కారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు తమ పత్రికలో స్త్రీవిద్యకు వ్యతిరేకముగా వ్రాయుచుండగా, వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధనిలో బదులు వ్రాయుచు వచ్చిరి. కన్యాశుల్కము పుచ్చుకొని చిన్నపిల్లలను ముసలివారికి అమ్ముటను ప్రహసనములు వ్రాసి నవ్వులపాలు చేసిరి. అంతవరకు ఊరు సహించెను. కాగితము మీది మాటను మనవారు ఎప్పుడును కొంత సహింతురు.

వితంతువుల సంగతి వచ్చునప్పటికి సహింపలేదు. అయిదారేండ్ల పిల్లకు పెండ్లి చేయుట, ఆ భర్త పోయిన పిమ్మట ఆ పిల్ల తల గొరిగించి ఒక మూల కూర్చుండబెట్టుట అగ్రవర్ణముల ఆచారము. వితంతువు మరల పెండ్లాడవచ్చునని 1856లోనే చట్టము వచ్చెను గాని, గోదావరి తీరమున దానిని ఆచరణలో పెట్టినవారు లేరు. పంతులుగారు 1879లో ఈ విషయమై బహిరంగముగా ఉపన్యసించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారి ఇంటనే మొదటి వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు అల్లకల్లోలమాయెను. పెండ్లికి వచ్చినవారిని వెలివేయుదుమని బెదిరించిరి. అల్లరి జరుగకుండ విద్యార్థులు ఇంటికి కావలి నిలిచిరి.

ఈ సంగతి వ్రాయువారు చాలమంది ఇక్కడనే ఆగుదురు. మాకు మాత్రము ఆ ఇంటి వెనుకవైపు వంటగదిలోనికి తొంగి చూడవలెనని యుండును. పెండ్లివారికి వండిపెట్టుటకు వంటవారు రాలేదు. నీళ్ళు పోయువారు మానివేసిరి. బంధువులు రాకపోకలు మానిరి, కొందరు రాజ్యలక్ష్మమ్మగారి మీద ఒత్తిడి తెచ్చిరి. భర్తను మాన్పించుమనిరి. మాన్పింపలేనియెడల విడిచి రమ్మనిరి. ఆలోచించి చూడుడు. ఒక్క మాటతో ఆ ఇల్లు రెండు ముక్కలయ్యెడిది. నీ సంస్కరణము కొరకు నా పుట్టింటివారు నా ముఖము చూడకపోవలెనా యని ఆమె అనియుండవచ్చును. ఇంటి ఆడుది అడ్డుపడుచున్నదని అతడు చేయి ఎత్తియుండవచ్చును. ఇంతకంటె చిన్న కారణములకే మా అరుగు మీదికి జంటలు వచ్చుచున్నవి.

ఆమె పుట్టింటికి పోలేదు. గోదావరికి పోయినది. బిందెలతో నీళ్ళు తానే మోసికొని వచ్చి, ఆ పెండ్లివారికందరికి తానే వండి వడ్డించినది. ఆ కాలములో ఉద్యోగస్థుని భార్య, కూలివారు చేయు పనిని అందరు చూచుచుండగా వీథి వెంట చేయుట మాటలు కాదు. నలుగురు ఏమనుకొందురో యను భయము ఆమెకు కూడ ఉండవలసినదే.

మేము ఇంతవరకు చెప్పి, కొంచెము గర్వముగానే ఆగితిమి. అప్పుడు ఆ సహోదరి, అంతవరకు కొంగు నోటికడ్డము పెట్టుకొని వినుచున్నది, మమ్మును ఒక ప్రశ్న అడిగినది. అయ్యగారూ, ఆ అమ్మగారు గోదావరి నుండి నీళ్ళు మోయుచుండగా పంతులుగారు ఏమి చేయుచుండిరండీ అని అడిగినది.

మాకు వెంటనే మాట రాలేదు. ఊరిలో పెద్దలతో మాట్లాడుచుండిరి, వధువును వరుని కాపాడుచుండిరి, పత్రిక నడుపుచుండిరి అని చెప్పితిమి. ఆమె తల ఊపినది. ఆ ఊపులో ఒప్పుకోలు ఎంతో, ఎత్తిపొడుపు అంత.

ఆ ప్రశ్న మమ్మును ఆ రాత్రి నిద్రపోనీయలేదు. పంతులుగారు స్త్రీల కొరకు పడిన పాటు వేరొకరు పడలేదు. 1883లో సతీహితబోధిని యని స్త్రీల కొరకే ఒక పత్రిక పెట్టిరి. అయితే వారు స్త్రీలకు వ్రాసిన బోధలలో చదువుకొన్న భార్య మరింత ఓర్పుగలదై, అత్తమామలకు భర్తకు అనుకూలముగా నడుచుకొని, ఇల్లు చక్కదిద్దవలెనను మాటయే ఎక్కువగా కనబడును. చదువు ఆమెకు ఇచ్చిరి గాని బిందె ఆమె చంకనే ఉంచిరి. ఆ తరములో అంతకంటె ముందు నడిచినవారు అరుదు గనుక ఇది నింద కాదు. చీకటిలో నీళ్ళు తెచ్చిన మేము వారిని నిందింపనేల?

ఇంకొక సంగతియు చెప్పవలెను. 1890ల దశాబ్దములో వారు సత్యరాజాపూర్వదేశయాత్రలు అను కథ వ్రాసిరి. అందులో ఒక పండితుడు ఆదిమలయాళమను దేశమునకు పోవును. అక్కడ సమస్తము తలక్రిందులు. అధికారము స్త్రీలది. పురుషులు ఇంట పడియుండవలెను. ఇక్కడ పతివ్రతాధర్మము ఉన్నట్లు అక్కడ పురుషులకు పత్నీవ్రత ధర్మము ఉండును. మనము స్త్రీల మీద మోపిన నియమములనే అక్కడివారు పురుషుల మీద మోపి, అది శాస్త్రమని, అది ప్రకృతియని చెప్పుదురు. చదువువాడు మొదట పకపక నవ్వును. కొన్ని పుటలు గడచిన పిమ్మట ఆ నవ్వు గొంతులో అడ్డుపడును. బోధ చేసినప్పుడు వ్రాయని మాటను పంతులుగారు హాస్యమాడునప్పుడు వ్రాసిరి. మా సంఘపు సహోదరునికి ఈ కథ కూడ చెప్పితిమి. ఆ దేశములో మగవారే బిందెలు మోయుదురా అని అతడు అడిగెను. అంత మాత్రమే అడిగెను.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పుదుము. పంతులుగారి జీవితకాలములో సుమారు 40 వితంతు వివాహములు జరిగినవి. అన్నియు సుఖముగా సాగినవని చెప్పలేము. కొందరు వరులు ధనసహాయమును చూచి వచ్చినవారే. వితంతువును పెండ్లాడుటకు తెగించినవాడు కూడ గడప దాటి లోనికి వచ్చిన తరువాత పాత యజమానుడే కావచ్చును. చట్టము గడప వరకు వచ్చును, లోపలికి పోవుటకు దానికి చాల కాలము పట్టును. వెలివేయబడి, వేరే దిక్కులేక వచ్చిన ఆడుపిల్లలను రాజ్యలక్ష్మమ్మగారు తమ ఇంట ఉంచుకొని పోషించిరి. ఆ దంపతులకు సంతానము లేదు. ఆ పిల్లలకు జడలు వేయుట, రోగము వచ్చిన రాత్రులు మేలుకొనుట, అలిగినవారిని బుజ్జగించి అన్నము తినిపించుట వంటి పనులు ఉపన్యాసములలోనికి రావు. ఆ పనులు లేకుండ ఏ శరణాలయమును ఒక్క వారమైన నడువదు. పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి అర్పించిరి.

రాజ్యలక్ష్మమ్మగారు 1910 ఆగస్టులో గతించిరి. మరుసటి యేట పంతులుగారి స్వీయచరిత్రము మొదటి భాగము వెలువడెను. తమ పనిలో ఆమె చేసిన సహాయమును వారు మరుగుపరచలేదు. అయితే అది అచ్చై వచ్చునప్పటికి చదువుటకు ఆమె లేదు. ఇది మాకు ఎప్పుడును కొంచెము బాధగా తోచును. మా ఇంట అమ్మగారికి చెప్పవలసిన మాటలు కొన్ని ఆ రాత్రియే చెప్పివేసితిమి. వారు ఆశ్చర్యపడి, మాకు జ్వరము గాని తగిలినదేమో యని నుదురు తాకి చూచిరి. పంతులుగారు ఆమె లేక మరి తొమ్మిది యేండ్లు జీవించి, 1919 మే 27న మద్రాసులో కన్ను మూసిరి. రాజమండ్రిలోని వారి తోటలో ఇద్దరి సమాధులును ఉన్నవి. ఆ ఊరు పోయినవారు గోదావరి గట్టును, పెద్ద వంతెనను చూచి వచ్చుచుందురు. ఒక గంట మిగిలినయెడల ఈ తోటను కూడ చూచి రండి.

ఆ జంట సంగతి ఏమాయెనని మీరు అడుగుదురు. తగవులు మానలేదు. అతడు మరల చేయి ఎత్తలేదని ఆమె చెప్పినది, అది మేము ఆమెను వేరుగా పిలిచి అమ్మగారి ఎదుట అడిగి తెలిసికొంటిమి. క్రిందటి నెల ప్రార్థన కూటమునకు వచ్చినప్పుడు ఇంకొక మాటయు చెప్పినది. ఇప్పుడు సాయంత్రపు నీళ్ళు అతడే తెచ్చుచున్నాడట. అయితే వీథి దీపములు లేని వైపు నుండి, చెరువు గట్టు చుట్టు తిరిగి తెచ్చుచున్నాడట. చెప్పుచు ఆమె నవ్వినది, అక్కడ ఉన్న స్త్రీలందరును నవ్విరి. మా ఇంట అమ్మగారు మాత్రము మా వైపు ఒకసారి చూచిరి.