జోలె పట్టిన గొంతు

మా మల్యాల దిక్కు ఊళ్లల్ల మైకుల ఘంటసాల భగవద్గీత మొదలైతే నాట్లేసేటోళ్లు చేతులాపి, ఎవరు పోయిండ్రని అడుగుతరు. మా తాత పోయిననాడూ అదే పెట్టిండ్రు. తర్వాత చాన్నాళ్లు ఆ గొంతంటేనే నాకు భయం.

ఆ భయాన్ని పోగొట్టింది 'మాయాబజార్' (1957). సైన్సు విద్యార్థిని గనుక ముందు నన్ను పట్టుకున్నది ప్రియదర్శిని పెట్టె. అందులో శశిరేఖ ఎక్కడో ఉన్న అభిమన్యుణ్ణి చూస్తుంది, ఇద్దరూ పాడుకుంటారు. నేటి వీడియోకాలే గదా! సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా సంగీత భారమంతా ఘంటసాల మోశారు. అప్పట్లో గాయకులూ వాద్యబృందమూ కలిసే రికార్డింగు. ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదటికే.

1922లో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారు ఉచితంగా సంగీతం చెప్పారు. అన్నం మాత్రం జోలె పట్టి, ఇల్లిల్లూ తిరిగి మధూకరం తెచ్చుకున్నదే. మెస్సు బిల్లు కట్టలేని నెలల్లో నాకు ఆ జోలె యాదికొస్తది. 1942 ఉద్యమంలో జైలుకూ పోయారు. 'పాతాళభైరవి' (1951) వచ్చాక ఆయన పాట తెలియని ఊరు లేదు.

గీత ఆయన చివరి రోజుల్లో పాడింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. రికార్డు విడుదలైంది ఆ తర్వాతనే.

మొన్న నాట్లకాడ ఫోన్ల 'మాయాబజార్' పాట పెట్టిన. బాపు నారుకట్ట దించి, ఇంకోసారి పెట్టుమన్నడు.